నంది కొండల ఎర్ర వైన్

బెంగళూరుకు ఉత్తరాన, తెలుగు మాట వినిపించే చిక్కబళ్లాపురం సీమలోనే నంది కొండలున్నాయి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ కొండల దిగువ ప్రాంతంలో పగలు ఎండ, రాత్రి చల్లదనం. ద్రాక్షపండులో తీపి ఎక్కినా పులుపు తగ్గిపోకుండా కాపాడేది ఆ తేడాయే. ఇక్కడి దొడ్డబళ్లాపురంలో గ్రోవర్ సంస్థ చేసే ‘లా రిజర్వ్’ ఎర్ర వైన్ రెండు ఫ్రెంచి ద్రాక్షల మేళవింపు. కాబర్నే సావిన్యోన్ వైన్‌కు బిగువునిస్తుంది. షిరాజ్ పండు రుచిని, మిరియాల ఘాటును జోడిస్తుంది.

ఈ సీమలో తీగలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వానాకాలం చివర చేసే కత్తిరింపుతో కాయ పట్టి, వేసవి మొదట్లో కోతకొస్తుంది. ఎరుపంతా తొక్కలోనే ఉంటుంది కనుక రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. ఆపై ఓక్ పీపాల్లో నెలల తరబడి నిలవుంచితే వగరు మెత్తబడి, రుచి నిండుగా కుదురుకుంటుంది.