వరి వేళ్లకు తోడుండే బ్యాక్టీరియా

వరి మడిలో చల్లిన యూరియాలోని నత్రజనిలో సగానికి పైగా చాలాచోట్ల పంటకు అందదు. కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది, కొంత నీటితో కొట్టుకుపోతుంది. రైతు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది, నీరూ కలుషితమవుతుంది. ఈ నష్టాన్ని కొంతవరకు తగ్గించడానికి నేలలోని కొన్ని బ్యాక్టీరియాలు తోడ్పడతాయి.

వీటిలో ముఖ్యమైనది అజోస్పైరిల్లమ్. వరి వేళ్లు స్రవించే సేంద్రియ ఆమ్లాలే దీనికి ఆహారం. బదులుగా ఇది ఇండోల్ అసిటిక్ ఆమ్లం అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. దాంతో పక్క వేళ్లు, మూలకేశాలు ఎక్కువగా వస్తాయి. వేరు విస్తరించేకొద్దీ మొక్క నీటిని, వేసిన ఎరువును మరింత బాగా అందుకుంటుంది.

గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. అజోస్పైరిల్లమ్ నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ సాయంతో ఆ నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. అయితే అది పంట అవసరంలో కొంత భాగమే. అందుకే ఇది యూరియాకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

నాట్లకు ముందు నారు వేళ్లను ఈ జీవన ఎరువు కలిపిన నీటిలో ముంచుతారు. ప్యాకెట్‌లో ఉన్నవి ప్రాణమున్న కణాలు. ఎండలో ఉంచినా, రసాయన ఎరువులతో కలిపినా చనిపోతాయి. గడువు తేదీ చూసి కొని, నీడలో భద్రపరిస్తేనే వాటి మేలు పొలానికి దక్కుతుంది.