మెట్టతామర

కుంభారిలో నీటి విలువ తెలియని యిల్లు లేదు. సోలాపుర ప్రాంతము వానలు తక్కువైన మెట్టసీమ. 2006లో బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన 10,000 ఇండ్లును, 2024 జనవరిలో కార్మికుల కప్పగించిన 15,000 ఇండ్లును ఈ నేలమీదనే వెలసినవి. ఇట్టిచోట వాకిట పూలమొక్కను పెంచుట యెట్లని తల్లులు మమ్మడుగుచుందురు. మేము సూచించునది, వింతగా తోచినను, తడిని కోరు మెట్టతామర.

దీనిని మహారాష్ట్రులు కర్దళ్ అందురు. మా పిల్లలలో పెక్కుమందికి ఆ పేరే తెలియును. తెలుగు పేరు అవ్వల నడిగి తెలిసికొనవలసి వచ్చినది. పేరునందు తామర యున్నను ఇది తామరజాతిది కాదు. అరటి, అల్లము, పసుపులకు చుట్టము. 1753లో లిన్నేయస్ దీనికి కాన్నా ఇండికా యని పేరిడెను. అయినను దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు. అచట వాగుల యొడ్డులను, చిత్తడి నేలలను తనంత పెరుగును. వియత్నాము దేశమున ఈ జాతి దుంపల పిండితో సేమ్యా చేయుదురు.

మనము రేకులనుకొను ఎఱ్ఱని, పసుపుపచ్చని భాగములు నిజముగా రూపు మారిన కేసరములు. వానిలో ఒకదాని యంచుననే పుప్పొడి యుండును. అసలు రేకులు సన్ననివై అడుగున దాగియుండును. గింజ నల్లనై గుండువలె గట్టిగా నుండును. పై తోలును గరుకురాతిపై రుద్ది, ఒక దినము నానవేసి నాటవలెను. మొలకకన్నుగల దుంపముక్కను నాటుట అంతకంటె సులభము.

ఇక నీటి మాట. స్నానపు నీరు, బియ్యము కడిగిన నీరు మోరిలో వృథాగా పోవుచున్నవి. నిలిచినచోట దోమలు పెరుగుచున్నవి. మోరి చివర గుంట త్రవ్వి, గులకరాళ్లు నింపి, అందు దుంపలు నాటవలెను. రాళ్లను, వేళ్లను అంటియుండు సూక్ష్మజీవులు మురికిని విఱుచును. అందలి సారమును మొక్క పీల్చుకొని పెరుగును. నీరు రాళ్లపైకి తేలరాదు. ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. అద్దకపు నీటిని మాత్రము దీనికి పోయరాదు. అందలి ఉప్పులు, రసాయనములు వేళ్లకు కీడు.

విద్యార్థులారా! దుంపలు పిలకలు వేసి గుంపైనప్పుడు విడదీసి పొరుగువారికి పంచుడు. ఇచ్చునపుడు కర్దళ్ అనియు, మెట్టతామర అనియు రెండు పేర్లును చెప్పుడు.