బైక్ ఎయిర్ ఫిల్టర్‌కి గాలి కొట్టిస్తున్నారా? ముందు ఒకసారి తాకి చూడండి

కావలి ట్రంకు రోడ్డులో ఇచ్చినా, ఇంకే ఊళ్లో ఇచ్చినా, బండి సర్వీసింగ్‌లో ఒక పని మాత్రం తప్పకుండా జరుగుతుంది. సైడ్ కవర్ ఊడదీసి, ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగి, కంప్రెసర్ పైపుతో గట్టిగా గాలి కొట్టి మళ్లీ పెట్టేస్తారు. దుమ్ము మేఘంలా లేస్తుంది, చూసేవాళ్లకి కూడా తృప్తిగా ఉంటుంది. కీబోర్డ్, ఫోన్ పోర్టుల కోసం కొనుక్కున్న యూఎస్‌బీ బ్లోయర్‌తో ఇదే పని ఇంట్లో చేసుకునేవాళ్లూ ఉన్నారు. అయితే హోండా బైకులు, స్కూటర్లలో, హీరో మోడళ్లలో చాలావాటికి ఈ పని అసలు చేయకూడదు.

వాటిలో ఉండేది విస్కస్ పేపర్ ఫిల్టర్. అంటే మడతలు మడతలుగా ఉన్న కాగితానికి కంపెనీలోనే జిడ్డులాంటి నూనె పూత పూసి ఉంటుంది. దుమ్ముని పట్టి ఉంచేది ఆ జిడ్డే. గాలి కొడితే పైపైన దుమ్ము పోతుంది కానీ, దాంతోపాటు పూత కూడా దెబ్బతింటుంది. ప్రెషర్ ఎక్కువైతే కాగితంలో కంటికి కనపడని చిరుగులు పడతాయి. ఇక అక్కడి నుంచి సన్న దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకే. ఇలాంటి ఫిల్టర్‌ని శుభ్రం చేయొద్దు, మార్చేయండి అని ఓనర్స్ మాన్యువల్లోనే రాసి ఉంటుంది. మనం మాన్యువల్ కవర్ విప్పితే కదా!

గుర్తుపట్టడం తేలికే. వేలితో తాకితే కాస్త జిడ్డుగా, అంటుకున్నట్టు ఉంటే అది విస్కస్ రకం. పొడిగా ఉంటే డ్రై పేపర్, మెత్తగా స్పాంజిలా ఉంటే ఫోమ్. బాగా పాతబడిన ఫిల్టర్ అయితే తాకినా తెలియదు, అప్పుడు మాన్యువల్ చూడాల్సిందే.

కావలి లాంటి ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఊరిని ఆనుకుని ఎన్‌హెచ్-16 మీద లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి. తుమ్మలపెంట బీచ్ వైపు వెళ్తే ఇసుక, సముద్రపు తేమ. ఇటు ఉదయగిరి వైపు పల్లెలకెళ్తే ఎర్రటి దుమ్ము. మాన్యువల్లో రాసిన 12,000, 16,000 కిలోమీటర్లు మామూలు రోడ్లకి లెక్క. దుమ్ము ఎక్కువున్న చోట, వాన ఎక్కువున్న చోట ముందే మార్చమని ఆ మాన్యువలే చెబుతుంది. రోజూ కోత పొలాల మధ్య, చెరువు గట్ల మీద తిరిగే బండికి సగం దూరానికే మార్చడం మంచిదని మా అభిప్రాయం.

ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో తెలిస్తే ఈ కాగితం ముక్క విలువ అర్థమవుతుంది. కిలో పెట్రోల్ మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్ లెక్కన చూస్తే సుమారు 9,000 లీటర్ల గాలి. లీటర్‌కి 60 ఇచ్చే బండి మీద కావలి నుంచి నెల్లూరు ఒకసారి వెళ్లొస్తే ఇంజిన్ 15,000 లీటర్లకు పైగానే పీల్చేస్తుంది. అందులోని ఇసుక రేణువులు ఇనుము కంటే గట్టివి. అవి పిస్టన్ రింగుల్ని, సిలిండర్ గోడల్ని నెమ్మదిగా అరగదీస్తాయి. సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చే సమయానికి బోర్ పని తప్పదు, ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. కమ్యూటర్ బైక్ ఫిల్టర్ మామూలుగా కొన్ని వందల్లోనే వచ్చేస్తుంది.

మరి ఫిల్టర్ మారిస్తే మైలేజ్ పెరుగుతుందా? పాత కార్బురేటర్ బండి అయితే కొంత పెరగొచ్చు. ఫిల్టర్ మూసుకుపోతే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై నల్లపొగ వస్తుంది, ప్లగ్ మసిబారుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వాటిలో సెన్సర్లు గాలిని బట్టి పెట్రోల్ తగ్గించేస్తాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కార్ల మీద ఇదే పరీక్షించింది. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజ్ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. కాబట్టి "మైలేజ్ బానే ఇస్తోంది కదన్నా, ఫిల్టర్ ఎందుకు" అనే మాట కొత్త బండ్ల విషయంలో నమ్మకండి.

ఇంట్లో మార్చుకోవాలంటే

పెద్ద పనేం కాదు, స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. చాలా బైకుల్లో ఫిల్టర్ బాక్స్ సైడ్ కవర్ వెనక గానీ సీటు కింద గానీ ఉంటుంది. యాక్టివాలో ఎడమవైపు నల్ల డబ్బా. విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. బాక్స్ లోపల పొడిగుడ్డతో తుడవండి. ఇంజిన్ వైపు వెళ్లే రంధ్రంలోకి దుమ్ము పడనివ్వొద్దు. ఆ గొట్టంలో సన్నటి దుమ్ము ముందే పేరుకుని కనిపిస్తే పాత ఫిల్టర్ ఎక్కడో లీకైందని అర్థం. కొత్తది పెట్టాక చుట్టూ రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందో లేదో ఫోన్ టార్చ్ వేసి చూడండి. అక్కడ సందు ఉంటే ఎంత మంచి ఫిల్టర్ అయినా వేస్టే.

ఫోమ్ ఫిల్టర్ అయితే కడగొచ్చు. పాత పల్సర్, ప్లాటినా లాంటి బండ్లలో ఉండేది ఇదే. కిరోసిన్‌లో ముంచి మెల్లగా నొక్కుతూ పిండాలి, మెలిపెట్టకూడదు. పెట్రోల్ వాడకండి, నిప్పు ప్రమాదం. ఆరాక ఇంజిన్ ఆయిల్ పట్టించి, ఎక్కువైంది పిండేసి పెట్టాలి. ఆ ఆయిల్ మానేస్తే ఫోమ్ జల్లెడతో సమానం. డ్రై పేపర్‌కి మాత్రం తక్కువ ప్రెషర్‌తో, ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టొచ్చు. మీ బ్లోయర్ పనికొచ్చేది ఇక్కడే.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పార్ట్ నంబర్ సరిచూసుకోండి. ఒకే పేరున్న బండికి బీఎస్-4లో ఒకటి, బీఎస్-6లో ఇంకొకటి ఉండొచ్చు. ఫిల్టర్ మార్చిన రోజు ఓడోమీటర్ ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎప్పుడు మార్చాలో లెక్క తేలిక. అక్టోబర్, నవంబర్ వానల్లో మునిగిన రోడ్డు మీద బండి నడిపితే మాత్రం కిలోమీటర్లు చూడొద్దు. బాక్స్ విప్పి, ఫిల్టర్ తడిసిందనిపిస్తే కొత్తది వేశాకే స్టార్ట్ చేయండి.