ఉప్పును ఆపే పూత

వాడి తీసేసిన ఆర్‌ఓ మెంబ్రేన్ దొరికితే పారేయకుండా ఒకసారి హాక్‌సా బ్లేడుతో రెండు చివర్లూ కోసి విప్పి చూడండి. పైన చుట్టిన టేపు ఊడదీయగానే లోపలి చుట్ట విచ్చుకుంటుంది. నడిమధ్యన చిన్న చిన్న చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టం, దాని చుట్టూ తెల్లటి షీటు. రెండు షీట్ల నడుమ ఒకచోట ప్లాస్టిక్ వల, ఇంకోచోట సన్నటి గుడ్డ కనిపిస్తాయి. బోరు నీరు వల ఉన్న సందులోంచి వస్తుంది. షీటును దాటగలిగిన నీరు గుడ్డలోకి చేరి, చుట్టూ తిరుగుతూ నడిమి గొట్టంలోకి పోతుంది. దాటలేనిది ఉప్పులన్నీ మోసుకుని అవతలి కొసనుంచి బయటికి పోతుంది. ఇప్పుడు ఆ షీటును వేలితో తడిమి చూడండి. ఒకవైపు గరుకుగా ఉంటుంది, రెండోవైపు నున్నగా నిగనిగలాడుతుంది. నిగనిగలాడే ఆ వైపు ఎలా పుట్టిందన్నదే ఇక్కడ చెప్పబోయే కథ.

షీటు చూడటానికి ఒకటే, నిజానికి మూడు పొరలది. అడుగున సుమారు 100 మైక్రాన్ల మందాన పాలియెస్టర్ గుడ్డ ఉంటుంది. దానిమీద 50 మైక్రాన్ల మేర, కంటికి కనపడని రంధ్రాలతో నిండిన పాలీసల్ఫోన్. అన్నిటికన్నా పైన పాలియమైడ్ పూత. దీని మందం 0.1 నుంచి 0.2 మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పెద్ద ప్లాంట్లలో వాడే 8 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవున్న ఒక్క మెంబ్రేన్‌లో దాదాపు 37 చదరపు మీటర్ల షీటు ఉంటుంది. అంత మేర పరుచుకున్న పాలియమైడ్‌నంతా గోకి కుప్ప చేసినా ఒకటిన్నర టీ చెంచాలకు మించదు. ఉప్పును ఆపేది ఆ కాస్త పదార్థమే. మిగతా సరంజామా అంతా ఒత్తిడికి అది చిరిగిపోకుండా మోయడానికే.

ఒత్తిడి ఎందుకు? ఉప్పు నీటినీ మంచినీటినీ ఇలాంటి పొరతో వేరుచేస్తే మంచినీరే ఉప్పు నీటివైపు పోతుంది. బడిలో చదువుకున్న ద్రవాభిసరణం ఇదే. సముద్రపు నీటి విషయంలో ఈ ప్రవాహాన్ని ఆపాలంటేనే సుమారు 27 బార్ల ఒత్తిడి కావాలి. 270 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి బరువుతో అది సమానం. అంతకుమించి నెడితేనే నీరు ఎదురు తిరిగి మంచినీటివైపు వస్తుంది. ఆర్‌ఓ, అంటే రివర్స్ ఆస్మోసిస్, ఇదే. అందుకే సముద్రపు నీటి ప్లాంట్లు 55 నుంచి 70 బార్ల దాకా ఒత్తిడి పెడతాయి. మన బోరు నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి చాలా తక్కువ ఒత్తిడి సరిపోతుంది.

ఈ సూత్రం పాతదే. దాన్ని పనిలో పెట్టగల పొరే లేకపోయింది. అమెరికాలో 1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ రీడ్, ఆయన శిష్యుడు బ్రెటన్ రకరకాల ప్లాస్టిక్ ఫిల్ములు పరీక్షించి, సెల్యులోజ్ అసిటేట్ ఉప్పును బాగా ఆపుతుందని తేల్చారు. నూటికి 96 పాళ్లకు పైగా ఆపింది. తీరా నీరు మాత్రం బొట్లుబొట్లుగా తప్ప రాలేదు. ఫిల్మును పలచన చేస్తే నీరు పెరుగుతుంది గానీ, ఆ ఒత్తిడికి అది నిలవదు. బలంగా ఉండాలంటే మందం కావాలి, ధారగా పారాలంటే పలచదనం కావాలి. ఒకే ఫిల్ము ఆ రెండూ ఎలా ఇస్తుంది?

దీనికి జవాబు లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దొరికింది. సిడ్నీ లోయెబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ అక్కడ కలిసి పనిచేశారు. వాళ్లు మొదట బజారులో దొరికే సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టరు షీట్లను కొని, నీళ్లలో వేడిచేసి, రంధ్రాలు కుంచించుకుపోతాయేమో చూశారు. ఫలితాలు నిలకడగా రాలేదు. ఒకసారి ఉప్పు ఆగుతుంది, ఇంకోసారి ఆగదు. చివరికి తేలిందేమిటంటే, ఏ వైపు ఉప్పు నీటికి ఎదురుగా పెట్టారన్నదానిమీదే అంతా ఆధారపడి ఉంది! అంటే షీటుకు రెండు వైపులూ ఒకటి కావు. ఒక ముఖాన చిక్కటి చర్మం ఉంది, తక్కినదంతా బోలు. నన్ను అడిగితే నీటి శుద్ధి చరిత్రలో ఇంతకన్నా విలువైన గమనిక మరొకటి లేదు. పొంతన లేని ఫలితాలను పొరపాటుగా కొట్టిపారేసే అవకాశం వాళ్లకు ఎంతైనా ఉంది. అలా చేయకుండా షీటును తిరగేసి చూశారు.

ఆ తర్వాత ఆ రెండు ముఖాల పొరను కావాలనే తయారుచేయడం మొదలుపెట్టారు. సెల్యులోజ్ అసిటేట్‌ను అసిటోన్‌లో కరిగించి, మెగ్నీషియం పెర్‌క్లోరేట్, నీరు కలిపి, చల్లటి గాజుపలక మీద పలచగా పరిచేవారు. పైభాగంలో అసిటోన్ కొంత ఆవిరయ్యేదాకా ఆగి, పలకను మంచునీళ్లలో ముంచేవారు. అంతలో పైన చర్మం కడుతుంది, కింద బోలు మిగులుతుంది. చివరగా వేడినీళ్లలో ఉంచి చర్మాన్ని బిగించేవారు. అంతకుముందు పొరలకంటే పదిరెట్లకు పైగా నీరు వచ్చింది, ఉప్పూ ఆగింది. 1964లో పేటెంటు దక్కింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊళ్లో రోజుకు సుమారు 19 వేల లీటర్ల ప్లాంటు పెట్టారు. ఒకప్పుడు తాగునీరు రైలు ట్యాంకర్లలో తెప్పించుకున్న ఊరది, అంత ఉప్పటి నేల. ఆర్‌ఓ పొర ఊరి జనానికి నీళ్లిచ్చిన తొలి చోటు అదే. లోయెబ్ తర్వాత ఇజ్రాయెల్ వెళ్లి స్థిరపడ్డారు, సౌరిరాజన్ కెనడా జాతీయ పరిశోధన మండలిలో పొరలమీదే దశాబ్దాలు పనిచేశారు.

సెల్యులోజ్ అసిటేట్ కూడా చిరకాలం నిలవలేదు. ఆమ్లం, క్షారం కాస్త ఎక్కువైతే విరిగిపోతుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి. పైగా చర్మమూ ఆధారమూ ఒకే పదార్థం కావడంతో ఒకదాన్ని మెరుగుపరిస్తే రెండోది దెబ్బతింటుంది. మిన్నెసోటాలో జాన్ కాడోట్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ రెండింటినీ విడదీశారు. ఆధారం పాలీసల్ఫోన్‌తో విడిగా చేసి, దానిమీద పూత విడిగా వేస్తే? 1970ల చివర ఆయన చేరుకున్న పద్ధతితోనే నేటికీ ప్రపంచంలోని ఆర్‌ఓ పొరల్లో అత్యధిక భాగం తయారవుతోంది.

ఆ పూత వేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పాలీసల్ఫోన్ షీటును మెటా ఫినైలిన్ డయమీన్ కలిపిన నీటిలో తడిపి, పైన మిగిలిన తడిని రోలరుతో ఒత్తేస్తారు. దానిమీద ట్రైమెసోయిల్ క్లోరైడ్ కరిగించిన హెక్సేన్ పోస్తారు. నీరూ హెక్సేనూ కలవవు. అవి రెండూ తాకిన గీత దగ్గర, అక్కడ మాత్రమే, డయమీను హెక్సేన్‌లోకి అడుగుపెట్టి క్లోరైడ్‌ను కలుస్తుంది. కలిసిన క్షణంలోనే రెండూ ముడిపడి, పాల మీద మీగడ కట్టినట్టు పొర కడుతుంది. ఇదంతా సెకన్లలో జరిగిపోతుంది. అసలు గొప్పతనం ఆ తర్వాతే ఉంది. పొర ఏర్పడగానే అదే అడ్డుగోడ అవుతుంది. కిందున్న డయమీను ఇక పైకి రాలేదు కాబట్టి పొర మందం పెరగదు. ఎక్కడైనా సూదిమొనంత చిల్లు మిగిలితే డయమీను అందులోంచే తన్నుకొస్తుంది, వచ్చిన చోటే క్లోరైడ్‌తో కలిసి ఆ చిల్లును పూడ్చేస్తుంది. ఇంత మందాన ఆపమని ఎవరూ చెప్పనక్కర్లేదు, చిల్లులు వెతకనక్కర్లేదు. వందల మీటర్ల పొడవున యంత్రం మీద సాగే షీటుమీద మైక్రాన్‌లో పదోవంతు మందాన లోపంలేని పూత వేయడం మరే విధంగానూ ఇంత చౌకగా సాధ్యమయ్యేది కాదు.

ట్రైమెసోయిల్ క్లోరైడ్‌కు మూడు చేతులుంటాయి. రెండు చేతులున్న అణువుతో ఇదే డయమీను కలిస్తే వచ్చేది నోమెక్స్, అగ్నిమాపక సిబ్బంది దుస్తుల నూలు. మూడో చేయి ఉండటంవల్ల గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని బిగుసుకుంటాయి. ఆ అల్లికలోని ఖాళీలు నీటి అణువుకు సరిపోతాయి. సోడియం, క్లోరైడ్, ఫ్లోరైడ్ అయాన్లు మాత్రం తమ చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని తిరుగుతాయి కాబట్టి వాటికి దారి ఇరుకవుతుంది. నీరు ఆ పొరలో కరిగి పాకుతుందని 1960ల నుంచి పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. అది కాదు, సన్నటి రంధ్రాల గుండా ఒత్తిడికి పారుతుందని 2023లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి మెనాచెమ్ ఎలిమెలెక్ బృందం వాదించింది. ఆ చర్చ ఇంకా సాగుతోంది.

ఈ పూతకు పేటెంటు 1981లో వచ్చింది. అది కాడోట్ భాగస్వామిగా ఉన్న ఫిల్మ్‌టెక్ కంపెనీదా, అంతకుముందు ప్రభుత్వ నిధులతో ఆయన చేసిన పరిశోధనకు చెందిందా అన్న వివాదం కోర్టుకెక్కింది. ఆలోచన ప్రభుత్వ కాంట్రాక్టు కాలంలోనే పుట్టింది కాబట్టి హక్కు అమెరికా ప్రభుత్వానిదేనని 1992లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

పాలియమైడ్‌కు ఒక గట్టి శత్రువు ఉంది, క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీరు నేరుగా తగిలితే ఆ అల్లికలోని నత్రజని బంధాలమీద క్లోరిన్ దాడిచేసి కొద్దికాలంలోనే పొరను చెడగొడుతుంది. అందుకే మెంబ్రేన్‌కు ముందు కార్బన్ ఫిల్టర్ పెట్టి క్లోరిన్ తీసేస్తారు. దీనివల్ల ఇంకో చిక్కు వచ్చింది. ప్లాంటునుంచి బయటికొచ్చే నీటిలో క్రిములను ఆపే క్లోరిన్ ఏమాత్రం మిగలదు. సరిగా కడగని క్యాన్‌లో ఆ నీటిని రెండు మూడు రోజులు ఉంచితే, శుద్ధి చేసిన నీరే పాడవుతుంది. పూత తన పని తాను చేసింది, క్యాన్ కడగాల్సింది మాత్రం మనుషులే.

ఇక మన ప్రాంతానికి, ఇక్కడి నీటిలోని ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు వద్దాం. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రచురించింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు. గ్రానైటు రాళ్లలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బనేట్లు ఎక్కువగా ఉన్న నీటిలో ఇంకా ఎక్కువ కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు పర్వాలేదన్నది మన దేశ ప్రమాణం. అంతకు మించితే ముందు పళ్లమీద మచ్చలు, ఏళ్లు గడిచేకొద్దీ వంగిపోయే ఎముకలు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో చిక్కబడుతుంది.

నాగపూర్‌లోని నీరి పరిశోధన సంస్థ 1970లలో దీనికొక పరిష్కారం చూపింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి, తేరనిస్తారు. పటికనుంచి పుట్టే అల్యూమినియం మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. ఆ జిల్లా పేరుమీదే దీనికి నల్గొండ పద్ధతి అని ప్రపంచమంతా పేరు. కరెంటు లేకుండా బిందెలోనైనా చేసుకోగల పద్ధతి అది, ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. అయితే మోతాదు నీటిని బట్టి మార్చుతుండాలి, రోజూ ఎవరో ఒకరు పట్టించుకుని కలపాలి, మడ్డి ఎక్కడైనా పారబోయాలి. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. ఊళ్లలో అది నిలబడకపోవడానికి కారణం రసాయనం కాదు, రోజువారీ మనిషి పని. స్విచ్ వేస్తే నడిచే ఆర్‌ఓ ప్లాంటు ఆ ఖాళీలోకి వచ్చింది. మంచి మెంబ్రేన్ ఫ్లోరైడ్‌లో నూటికి 90 పాళ్లకు పైగా ఆపుతుంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ సుజల పేరుతో 20 లీటర్ల క్యాన్ 2 రూపాయలకు ఇచ్చే పథకం వచ్చింది కూడా ఈ పూత భరోసాతోనే.

అయితే పొర ఫ్లోరైడ్‌ను నాశనం చేయదు, పక్కకు నెడుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీటిలో సగం మంచినీరుగా తీసుకుంటే, బయటికి పోయే సగంలో 8కి దగ్గరగా ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ పైపు సరాసరి మురికి కాలువలోకే పోతుంది. కాలువ నీరు ఇంకేది అదే నేలలోకి, ఎక్కువగా అదే బోరు దాపులకే. ఆ నీటిని బండలు కడగడానికో, మరుగుదొడ్లకో వాడుకునేలా విడి ట్యాంకు కట్టని ప్లాంటుకు అనుమతి ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నదీజలాలు అందే చోట అసలు ఈ తంటాయే అక్కర్లేదు. తెలంగాణలో మిషన్ భగీరథ పథకం కృష్ణా గోదావరి నీటిని ఫ్లోరైడ్ ఊళ్లకు తీసుకెళ్లింది, సిసలైన పరిష్కారం అదే. కృష్ణా నీరు వచ్చే హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఇంటింటికీ ఆర్‌ఓ పెట్టి, తాగే ఒక లీటరుకు రెండు మూడు లీటర్లు సింకులోకి వదలడానికి నాకైతే సబబైన కారణమేదీ కనిపించదు. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపున్న చోట ఆర్‌ఓ వద్దని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది కూడా.

ఇక్కడే టీడీఎస్ మీటరు మనల్ని దారి తప్పిస్తోంది. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే లవణాలన్నీ కలిపి ఎంతున్నాయన్నది. ఆర్‌ఓ ముందూ వెనకా కొలిస్తే పూత పాడైందో లేదో దానితో తెలుస్తుంది, అందుకు అది మంచి పరికరమే. కానీ టీడీఎస్ 400 ఉన్న బోరులో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, టీడీఎస్ 900 ఉన్న బోరులో అర కూడా ఉండకపోవచ్చు. మీటరుమీద అంకె చూసి బోరు మంచిదో చెడ్డదో తేల్చడం కుదరదు. దానికి జిర్కోనియం రంగుద్రవంతో చేసే పరీక్ష ఉంది. పరీక్షనాళికలో నీరు పోసి కొన్ని చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేని నీరు గులాబీ రంగులో ఉంటుంది, పెరిగేకొద్దీ పసుపులోకి మళ్లుతుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకుంటే నిమిషాల్లో అంచనా తెలుస్తుంది. బోరు వేసిన రోజునే ఈ పరీక్ష జరగాలి. ఎండాకాలం నీటిమట్టం కిందికి దిగినప్పుడు మళ్లీ జరగాలి, ఎందుకంటే లోతుకు పోయేకొద్దీ అదే బోరులో ఫ్లోరైడ్ మారుతుంది.