దుఆతో పాటు దవా కూడా

మీర్‌పేట్‌లోని మా మదరసాలో ఎనిమిదేళ్ళ బాలుడొకడు పాఠం మధ్యలో మాటిమాటికీ మూత్రానికని లేచి వెళ్ళేవాడు. చదువు తప్పించుకోవడానికి సాకు చెబుతున్నాడని నేను మందలించాను. తరచూ జ్వరం, నడుము పక్క నొప్పి వస్తుంటే తల్లిదండ్రులు తాయెత్తు కట్టించారు. చివరకు స్కానింగ్ చేయిస్తే ఎడమ మూత్రపిండం పూర్తిగా పాడైపోయిందని తేలింది. ఆనాటి నా మందలింపు నన్ను నేటికీ బాధిస్తూనే ఉంది.

పుట్టుకతోనే మూత్రనాళం ఇరుకుగా ఉన్నా, మూత్రాశయం నుండి మూత్రం వెనుకకు మళ్ళుతున్నా పిల్లల మూత్రపిండం క్రమంగా చెడిపోతుంది. సకాలంలో గుర్తిస్తే లోపాన్ని సరిచేసి దానిని కాపాడవచ్చు. ఒక్కో మూత్రపిండం ఎంత పని చేస్తున్నదీ న్యూక్లియర్ స్కాన్ తెలుపుతుంది. మొత్తం పనిలో పదో వంతు కూడా చేయలేక, పైగా చీము, జ్వరం, రక్తపోటు కలిగిస్తుంటే దానిని తొలగించమని వైద్యులు సాధారణంగా సూచిస్తారు.

పూర్వం ఇందుకు నడుము పక్కన పొడవుగా కోసేవారు. 1990లో అమెరికాలో డాక్టర్ రాల్ఫ్ క్లేమన్ బృందం కీహోల్ పద్ధతిలో తొలిసారి మూత్రపిండాన్ని తొలగించింది. అనతికాలంలోనే ఈ పద్ధతి పిల్లలకూ అందింది. మత్తు ఇచ్చిన తరువాత మూడు నాలుగు చిన్న రంధ్రాలు చేసి, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో లోపల చోటు కల్పిస్తారు. కెమెరాతో చూస్తూ, సన్నని పరికరాలతో రక్తనాళాలను బిగించి కత్తిరిస్తారు. మూత్రపిండాన్ని చిన్న సంచిలో పెట్టి వెలుపలికి తీస్తారు. నొప్పి తక్కువ, బిడ్డ త్వరగా కోలుకుంటాడు. అయితే క్యాన్సర్ గడ్డ ఉన్నప్పుడు సాధారణంగా పెద్ద కోతే అవసరమవుతుంది.

ఒక్క మూత్రపిండంతో బిడ్డ బ్రతుకు ఎలాగని కొందరు తల్లడిల్లుతారు. ఆడపిల్ల అయితే పెళ్ళి కాదేమోనని చికిత్సనే వాయిదా వేస్తారు. ఇది అన్యాయం. ఆరోగ్యంగా ఉన్న రెండో మూత్రపిండం కొంత పెరిగి ఆ లోటును భర్తీ చేస్తుంది. క్రమం తప్పకుండా రక్తపోటు, మూత్ర పరీక్షలు చేయిస్తుంటే చాలు. యుక్తవయసు వచ్చాక ఉపవాసాల విషయంలో వైద్యుని సలహా తీసుకోవాలి; వ్యాధిగ్రస్తులకు ఖుర్ఆన్ సడలింపు ఇచ్చింది.

అల్లాహ్ ప్రతి వ్యాధికీ నివారణ ప్రసాదించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. కార్డోబాకు చెందిన ముస్లిం వైద్యుడు అజ్జహ్రావీ వెయ్యేళ్ళ క్రితమే శస్త్రచికిత్సా పరికరాలను బొమ్మలు గీసి మరీ వివరించాడు. అటువంటి వారసత్వం గల మనం శస్త్రచికిత్సకు భయపడి బిడ్డకు తాయెత్తుతో సరిపెట్టడం తగదు. ఖర్చు భారమైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో విచారించండి.

అల్‌హందులిల్లాహ్, ఆ బాలుడు మళ్ళీ పాఠానికి వస్తున్నాడు. ఇప్పుడు ఏ బిడ్డ లేచి వెళ్ళినా నేను కోపగించుకోను. ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. మీరూ అడగండి.