హంగుల్ లిపిలో విడి అక్షరము

కొరియా దేశపు లిపికి హంగుల్ అని పేరు. సెజోంగ్ మహారాజు దీనిని 1443లో కల్పించి, 1446లో ప్రజలకు ప్రకటించెను. నాడు అక్షరములు 28. నేడు వాడుకలో నున్న మూలాక్షరములు 24. అందు హల్లులు 14, అచ్చులు 10. విడి అక్షరమును కొరియనులు 'జమో' అందురు. ఆ మాటకు అక్షరమాత యని అర్థము. మన శాస్త్రకారులు వర్ణములను మాతృకలనుట ఇచ్చట స్మరణకు రాక మానదు.

ఈ అక్షరములు రోమను లిపిలోవలె వరుసగా నిలువవు. రెండు మూడు కలిసి, ఒక చదరపు గడిలో ఒదిగి, ఒక కూటమి యగును. 'హన్' అని వ్రాయవలెనన్న హకారమును, దాని కుడిప్రక్క అకారమును, ఆ రెంటి క్రింద నకారమును ఉంతురు. జంటలను, సంయుక్తములను గూడ చేర్చినచో మొదట నిలుచు హల్లులు 19, నడిమి అచ్చులు 21, తుది హల్లులు 27. తుది హల్లు లేకుండుటను కూడ ఒక పక్షముగా నెంచి, 19ని 21తోను, ఆ లబ్ధమును 28తోను గుణించిన 11,172 కూటములు సిద్ధించును.

చేతివ్రాతలో ఇందు చిక్కేమియు లేదు. కంప్యూటరుకు మాత్రము ఆకారము తెలియదు, సంఖ్యయే తెలియును. కావున ఏ రూపమునకు సంఖ్య నీయవలెనను ప్రశ్న పుట్టినది. 1987 నాటి కొరియా ప్రమాణము 2,350 కూటములకే చోటిచ్చెను. తక్కినవి అరుదైనవే యగుగాక, మాండలిక ధ్వనిని పట్టదలచిన రచయితకు ఆ అరుదైనదే యొకప్పుడు అవసరమగును. ప్రపంచ లిపులకు సంఖ్యలనిచ్చు యూనికోడ్ 1996లో 11,172 కూటములను పూర్తిగా చేర్చుకొనుటతో ఈ లోటు తీరెను.

కాని 15వ శతాబ్దపు గ్రంథముల మాట యేమి? వానిలో, 1933 నాటి లేఖన నియమావళిలో చోటు దొరకని చుక్కవంటి అచ్చు కలదు. నేడు లుప్తమైన హల్లులును కలవు. ఇవి చేరిన కూటములు ఆ 11,172లో లేవు. వానికొరకే యూనికోడ్‌లో కలయు అక్షరములు వేరుగా నున్నవి. ఇందు మొదటి నకారమునకు ఒక సంఖ్య, తుది నకారమునకు మరియొక సంఖ్య. రూపము ఒకటియే యైనను స్థానమునుబట్టి అవి రెండు. వీనిని క్రమముగా కూర్చినచో, తగిన అచ్చుల ముద్రిక యున్న యంత్రము వానిని గడిలో అమర్చి చూపును. ప్రాచీన కొరియా సాహిత్యము కంప్యూటరులో యథాతథముగా నిలుచుటకు ఆధారము ఇవియే.

మూడవ తెగ యొకటి కలదు. ఇది 1987 నాటి ప్రమాణమునుండి సంక్రమించినది. ఇందలి నకారమునకు మొదలు, తుది యను భేదము లేదు. ఇవి ఇరుగుపొరుగుతో కలియవు, ఒంటరిగా నిలుచును. వ్యాకరణములో 'ఇది నకారము' అని చూపుటకు తగినవి ఇవియే. కొరియా యువజనులు నవ్వును సూచించుటకు ఖకారమును మాత్రమే వరుసగా వ్రాయుటయు వీనితోనే.

తెగలు కలగలిసినచో కీడు కలుగును. మొదటి తెగ 'హన్', రెండవ తెగ 'హన్' సమానములని ప్రమాణమే చెప్పుచున్నది; యంత్రము ఒకదానిని రెండవదానిగా మార్చుకొనగలదు. మూడవ తెగలోని హ, అ, న లను వరుసగా వ్రాసి, అదియు 'హన్' అగునని తలచుట పొరపాటు. వానిని బలవంతముగా మార్పించినను 'హ' యను కూటమి యేర్పడి, నకారము మొదటి హల్లుగా వేరుపడిపోవును. తన స్థానమేదో చెప్పని అక్షరమునకు యంత్రము స్థానమును ఊహించి యీయజాలదు.

ఇది పరభాషల గొడవ యని మనము ఉపేక్షింపరాదు. తెలుగులో ఇకారమునకు ఒక సంఖ్య, గుడికి వేరొక సంఖ్య. వత్తునకు మాత్రము సొంత సంఖ్య లేదు. పొల్లు, దాని వెనుక హల్లు చేరి వత్తగును. అందుచేత హల్లు లేని గుడిని గాని వత్తును గాని విడిగా చూపబోయినచో తరచుగా చుక్కల వలయము ప్రత్యక్షమగును. అంతకన్న గూఢమైన ప్రమాదము సున్నది. పూర్ణానుస్వారమునకును, తెలుగు అంకెలలోని సున్నకును రూపము దాదాపు ఒకటియే, సంఖ్యలు వేరు. 'అందము' అను మాటలో అనుస్వారమునకు మారుగా అంకె పడినచో చదువరి కన్ను గుర్తింపదు. వెదకువానికి మాత్రము ఆ మాట దొరకదు.

తాళపత్రమునకు చెదపురుగు శత్రువు. కంప్యూటరు పాఠమునకు కంటికి కానరాని తప్పు సంఖ్య అట్టిది. పూర్వ గ్రంథములను కంప్యూటరులో చేర్చు పరిష్కర్తలు అక్షరముయొక్క రూపమును మాత్రమే గాక, అది ఏ స్థానమున నిలిచినదో కూడ సరిచూడవలెను.