పడిశం పట్టిన ముక్కు – వంటింటి గ్యాసు

పుష్యమాసం వచ్చినదంటే మా వాడరేవులో పడిశం లేని ఇల్లు అరుదు. రాత్రి మంచు, తెల్లవారుజామున సముద్రం మీదినుండి వచ్చే చెమ్మగాలి, పగలు మళ్ళీ చురుక్కుమనే ఎండ. చీరాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రేవులో నేను చాలాకాలంగా వైద్యం చేస్తున్నాను. ముక్కు దిబ్బడ, తలబరువు, గొంతు గరగర అంటూ వచ్చినవారికి నేను చెప్పే మాట ఒకటే: “పడుకొనే ముందు ఆవిరి పట్టండి. తెల్లవారి లేవగానే త్రికటు కషాయం కాచుకొని త్రాగండి.”

ఈ మాటలో ఒక పెద్ద లోపమున్నదని నాకెన్నడూ తోచలేదు. నా ఇంటిలో, నా చేతిమీదుగా జరిగిన ఒక సంగతి ఆ లోపాన్ని తెలియజెప్పినది. పాఠకులకు, ముఖ్యంగా గృహిణులకు ఉపయోగపడునని దానిని ఇక్కడ దాచకుండా వ్రాస్తున్నాను.

ఆ సాయంత్రం జరిగినది

నాలుగు రోజులుగా నాకే పడిశం. ముక్కు రెండువైపులా బిగుసుకొని, కాఫీ వాసన కూడ తెలియని స్థితి. మా ఇల్లాలు చీరాల బజారుకు వెళ్ళినది. ఇంట నేనూ, ఏడేండ్ల మనుమరాలూ ఉన్నాము. సాయంకాలం నేనే కషాయానికి సరుకులు వేసి, పొయ్యిమీద సన్నని మంటపై పెట్టి, ముందు వసారాలో కూర్చొని వచ్చినవారితో మాటలలో పడ్డాను. పెరటి తలుపు తీసియున్నది. కొంతసేపటికి తూరుపుగాలి ఒక్కసారి విసరగా ఆ తలుపు ధడాలున మూసుకొన్నది. ఆ గాలికే పొయ్యి మంట కూడ ఆరిపోయినదని నేనెరుగను.

అరగంట తరువాత, నాలుగు గ్లాసులు ఒక గ్లాసుకు దిగియుండునని లేచి వంటింటి గుమ్మం వద్దకు వెళ్ళాను. చీకటి పడినది. లైటు వేయబోయి మీట మీద చేయి పెట్టాను. వెనుకనుండి మనుమరాలు, “తాతయ్యా, లైటు వెయ్యొద్దు! గ్యాసు వాసన గుప్పుమంటోంది!” అని కేకవేసినది.

నాకు ఏ వాసనా లేదు. పిల్లను వీధిలోనికి పంపి, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి పొయ్యి నాబు మూసి, రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీ తీసి బయటకు వచ్చాను. వాసన పోయినదో లేదో తేల్చడానికి నా ముక్కు పనికిరాదు. మా ఇల్లాలు వచ్చి గుమ్మంలో నిలబడి చూచి ‘ఇక లేదు’ అనేవరకు మేము బయటనే నిలుచున్నాము. అప్పటికి గాని నా చేతుల వణుకు తగ్గలేదు.

గ్యాసుకు స్వతహాగా వాసన లేదు

మన ఇండ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండరులో ఉండేది ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి వలన అది ద్రవరూపంలో ఉంటుంది. ఒక పాలు ద్రవం బయటపడితే సుమారు 250 పాళ్ళ వాయువగును. ఈ వాయువు గాలికంటే బరువైనది. పొగవలె పైకి పోదు. నీరువలె నేలమీద పరచుకొని మూలలలో, గట్టు క్రింద నిలిచియుండును. గాలిలో నూటికి సుమారు రెండు పాళ్ళు చేరినప్పటినుండి తొమ్మిది పాళ్ళ వరకు నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకొనును. కరెంటు మీట వేసినపుడు పుట్టే చిన్న రవ్వ అందుకు సరిపోవును.

ఈ వాయువులకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో న్యూలండన్ అనే ఊరి పాఠశాల క్రింద వాసనలేని సహజవాయువు ఎవరికీ తెలియకుండా ప్రోగై పేలి, సుమారు 300 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు. గ్యాసుకు ఘాటైన వాసన కలుపవలెననే నియమాలు ఆ దుర్ఘటన తరువాతనే బలపడ్డాయి. మన వంటగ్యాసులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక సంబంధమైన ద్రవ్యం కలుపుతారు. అంటుకొనే మోతాదుకు చాలా ముందే వాసన తెలియవలెనని దాని ఉద్దేశం. కనుక మన వంటింటికి మొదటి కావలివాడు ముక్కే. ఆ కావలివాడు నిద్రపోతే ఏమగును?

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టపు మార్గం నుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరవైమందికి పైగా బలియైనారు. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే మంట లేచినదని అప్పటి వార్తలు. అది సిలిండరు గ్యాసు కాదు. అయినను తెలవారకముందు లేచి పొయ్యి వెలిగించే ప్రతివారు గుర్తుంచుకొనవలసిన సంఘటన.

ముక్కు ఎప్పుడెప్పుడు మోసపోవును?

మొదటిది, పడిశం. సుశ్రుతుడు అపీనస రోగంలో మనిషి వాసనలను, రుచులను గ్రహింపలేడని చెప్పాడు. రెండవది, వృద్ధాప్యం. చూపు, వినికిడి తగ్గినట్లే ఘ్రాణశక్తి కూడ తగ్గును. అయితే అది తగ్గినట్లు మనకు తెలియదు. మూడవది, కరోనా. 2020 తరువాత ఆ జబ్బు తగ్గినవారిలో కొందరికి వాసన చాలాకాలం తిరిగిరాలేదు.

నాల్గవది, అలవాటు. ఏ వాసనయైనా కొంతసేపు పీల్చితే ముక్కు దానిని పట్టించుకొనడం మానివేయును. ‘ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు లేదు’ అన్నంత మాత్రాన గ్యాసు పోయినట్లు కాదు. అయిదవది, ఇతర వాసనలు. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువలలోని ఘాటు కూడ గంధక సంబంధమైనదే. ఇక మా రేవులో ఎండుచేపలు, ఎండురొయ్యల వాసన ఇండ్లనంటుకొని ఉండును. మాఘ ఫాల్గుణాలలో ఈ ప్రాంతమంతటా మిరపకాయల కోరు. ఇన్ని ఘాటుల నడుమ సన్నగా కారే గ్యాసును పసిగట్టడం మంచి ముక్కుకైనా కష్టమే.

ఒక చిన్న పరీక్ష చెప్పెదను. ఇంటిలోని పెద్దలను కండ్లు మూసుకొమ్మని, ఇంగువ, జీలకర్ర, కాఫీపొడి ఒకదాని తరువాత ఒకటి ముక్కు వద్ద ఉంచి ఏమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే వైద్యునికి చూపడమేకాక, వారు ఒంటరిగా పొయ్యి వెలిగించకుండా చూడండి.

సముద్రతీరపు ఇండ్లకు ప్రత్యేకం

ఉప్పుగాలి ఇనుమును తినివేయును. బండ అడుగు అంచు, పొయ్యి గొట్టాలు, బర్నరు రంధ్రాలు వారానికొకసారి చూడవలెను. తుప్పుతో పొరలు లేచిన సిలిండరు తెస్తే తీసుకొనవద్దు. సిలిండరు లోపలి తుప్పు వలన వాసన ద్రవ్యం కొంత తగ్గే అవకాశమూ ఉన్నది. పిడి క్రింది పట్టీమీద లోపలివైపు ఏ, బి, సి, డి అనే అక్షరాలలో ఒకటి, ప్రక్కన సంవత్సరం ఉండును. ఏ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జులై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. ఆ గడువు దాటిన సిలిండరు తిరిగి పరీక్షకు పోవలసినదే, ఇంటిలో పెట్టుకొనరాదు.

బండ తెచ్చిన మనిషి ఎదుటనే మూత తీయించి, లోపలి రబ్బరు వాషరు ఉన్నదో లేదో చూడండి. రెగ్యులేటరు బిగించిన తరువాత సబ్బు నురుగు రాసి చూడండి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్లే. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించవద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తుగల నారింజరంగు సురక్షా ట్యూబునే వాడి, అయిదేండ్లకు తప్పక మార్చండి. అది మీటరున్నరకు మించరాదు. బండ నిలువుగా నేలమీదను, పొయ్యి దానికంటే ఎత్తుగా గట్టుమీదను ఉండవలెను. రాత్రి పడుకొనేముందు రెగ్యులేటరు ఆపవలెను.

కషాయాలు, తైలాలు కాచేవారికి

మన పత్రిక చదివే ఇండ్లలో పొయ్యిమీద గంటల తరబడి సన్నని మంట ఉండడం సహజం. ప్రమాదమంతా ఆ సన్నని మంటలోనే ఉన్నది. గాలి విసిరినా, కషాయం పొంగినా అది ఆరిపోవును. గ్యాసు మాత్రం ఆగదు. మంట ఆరగానే తనంతట తానే గ్యాసును ఆపివేసే ఏర్పాటు మన ఇండ్లలోని చాలా పొయ్యిలకు లేదు. అందుచేత:

1. పొయ్యి ఉన్నంతసేపు మనిషి ఉండవలెను. లేవవలసివస్తే పొయ్యి ఆపి లేవవలెను.

2. గాలి నేరుగా పొయ్యికి తగలని కిటికీ తెరచియుంచవలెను. చలికి జడిసి అన్ని తలుపులూ బిగించి కాచరాదు. కారిన గ్యాసు బయటకు పోదు. మూసిన గదిలో మంట సరిగా మండక విషవాయువు కూడ పుట్టవచ్చును.

3. పాత్రలో సగానికి మించి కషాయం పోయరాదు. తైలపాకంలో తడి మూలికలు ఒక్కసారిగా వేయరాదు.

4. ఆవిరి పట్టే గిన్నె పొయ్యిమీద ఉండగా దుప్పటి కప్పుకొనరాదు. దించి, కదలని బల్లమీద పెట్టి, పిల్లలను దూరంగా ఉంచి పట్టవలెను.

త్రికటు కషాయానికి శొంఠిపొడి అర చెంచా, మిరియాలు అయిదు, పిప్పళ్ళు రెండు, తులసి ఆకులు పది, నీరు నాలుగు గ్లాసులు. ఒక గ్లాసు మిగిలేవరకు కాచి వడగట్టి, బెల్లం కలిపి రెండు పూటలుగా త్రాగవచ్చును. కడుపులో మంట, పుండు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగక వాడరాదు.

వాసన తెలిసినప్పుడు

ఏ మీటా వేయరాదు, ఆపరాదు. ఫ్యాను కూడ వద్దు. లైటరు, అగ్గిపెట్టె ముట్టరాదు. దేవుని వద్ద దీపం, అగరువత్తి వెలుగుచుంటే ఆర్పవలెను. నాబు, రెగ్యులేటరు మూసి, వీలైతే రెగ్యులేటరు తీసి రక్షక మూత బిగించవలెను. తలుపులు, కిటికీలు తెరచి అందరూ బయటకు రావలెను. మెయిన్ స్విచ్చి ఇంటి బయట ఉంటే దానిని ఆపవచ్చును. ఇంటికి దూరంగా నిలబడి 1906 నంబరుకు ఫోను చేయవలెను. అది రాత్రింబగళ్ళు పనిచేయు గ్యాసు అత్యవసర నంబరు. వాసన ఎక్కువగా ఉండి లోపలికి వెళ్ళుటకు భయమనిపిస్తే వెళ్ళవద్దు. ప్రాణంకంటే ఇల్లు ఎక్కువ కాదు.

గ్యాసు లీకును కనిపెట్టి మ్రోగే చిన్న యంత్రాలు బజారులో దొరకుచున్నవి. ఘ్రాణశక్తి లేనివారింట ఇది అవసరం. వంటగ్యాసు బరువైనది గనుక దానిని నేలకు అడుగు ఎత్తులో బిగించవలెను. పైకప్పు వద్ద పెడితే ప్రయోజనం లేదు.

కాలినప్పుడు

బట్టలంటుకొంటే పరుగెత్తరాదు, నేలమీద పడి దొర్లవలెను, లేదా మందపాటి నూలు దుప్పటి చుట్టవలెను. కాలిన చోట వెంటనే కుళాయి చల్లనినీరు ఇరవై నిమిషాలు ధారగా పోయవలెను. మంచుముక్క వద్దు. సుశ్రుతుడు కాలినగాయాలను ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని నాలుగు విధాలుగా విభజించి వేరువేరు చికిత్సలు చెప్పాడు. గాయం ఏ తరగతిదో తేల్చడం ఇంటివారి పని కాదు. కనుక నేను ఆయుర్వేద వైద్యుడనై ఉండికూడ చెప్పుచున్నాను: నేయి, పసుపు, పేస్టు, సిరా, కలబంద ఏదీ పూయక, శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకొనిపోండి. బొబ్బలు చిదుమవద్దు. ముఖం, చేతులు కాలినా, అరచేతికంటే పెద్ద గాయమైనా, పొగ పీల్చినా 108కి ఫోను చేయండి.

చీటీ మీద చేర్చిన మాట

ఆ రాత్రి ఇల్లు కుదుటపడిన తరువాత నాకు ఒక ముసలమ్మ జ్ఞాపకం వచ్చినది. ఆ ఉదయమే పడిశమని వచ్చినది. లేవగానే కషాయం కాచుకొమ్మని చెప్పి పంపాను. ఒంటరిది. 1999లో మొదలైన దీపం పథకంలో వచ్చిన గ్యాసు ఆమెది. టార్చిలైటు పట్టుకొని వెళ్ళి, ఇంగువ డబ్బా ఆమె ముక్కు వద్ద పెట్టి ఇదేమని అడిగాను.

“ఏందో తెలీట్లేదు డాక్టరు బాబూ. ఆ కరోనా జొరం వచ్చి పోయిన కాణ్ణుంచి నా ముక్కు చచ్చిపోయింది. చేప చెడిందో లేదో పక్కింటి కోడలే చెప్పాల” అన్నది.

ఈ మాట ఉదయం నేనే అడిగి తెలుసుకొనవలసినది. అడగలేదు. నాడి చూచాను, నాలుక చూచాను, పొయ్యి ఎవరు వెలిగిస్తారో అడగలేదు. ప్రక్కింటి కోడలిని పిలిచి చెప్పగా, ఆమె రోజూ కషాయం కాచి ఫ్లాస్కులో పోసి ఇచ్చుటకు ఒప్పుకొన్నది. రాత్రి రెగ్యులేటరు ఆపిందీ లేనిదీ కూడ తానే చూచెదనన్నది.

నాటినుండి పడిశానికి మందు వ్రాసే ప్రతి చీటీ చివర ఒక పంక్తి చేర్చుచున్నాను: “కషాయం రోగి కాచుకొనరాదు, వాసన తెలిసినవారు కాచి ఇవ్వవలెను.” మీ ఇంటిలో పడిశంతో ఉన్నవారు రేపు తెల్లవారుజామున లేచి పొయ్యి వద్దకు నడువబోతే, వారిని కూర్చోబెట్టి మీరు వెళ్ళండి.